రేడియో సెల్లులు ఎక్కువ రోజులు రావాలంటే

తుఫాను వస్తుంది. కరెంటు పోతుంది. ఫోనులో ఛార్జింగు అయిపోతుంది. ఒక్కోసారి ఫోను టవర్లు కూడా పనిచేయవు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు పలకలేదు. అలాంటప్పుడు సెల్లులతో నడిచే రేడియో ఇంట్లో ఉంటే, వార్త తెలిసే దారి ఒకటి ఉంటుంది. కానీ సరిగ్గా ఆ రోజే సెల్లులు అయిపోతే? రేడియో ఉన్నా లేనట్టే.

అక్కలారా! సెల్లులోని కరెంటు ఎటు పోతుందో తెలిస్తే దాన్ని ఆదా చేయడం కష్టం కాదు. చూద్దాం రండి.

రేడియో లోపల

రేడియో కేంద్రం నుంచి వచ్చే తరంగాలు కంటికి కనపడవు. వాటిని ఏరియల్ పట్టుకుంటుంది. అవి చాలా బలహీనంగా ఉంటాయి. వాటి బలం పెంచి స్పీకరుకు పంపేవి ట్రాన్సిస్టర్లు.

ట్రాన్సిస్టర్‌ను 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొన్నారు. అంతకుముందు రేడియోల్లో గాజు వాల్వులు ఉండేవి. వాల్వు పనిచేయాలంటే లోపలి తీగ వేడెక్కాలి. ఆ వేడికే చాలా కరెంటు పోయేది. ట్రాన్సిస్టర్‌కు ఆ వేడి అక్కర్లేదు. అందుకే చిన్న సెల్లులతో రేడియో నడుస్తోంది. మన పెద్దవాళ్లు రేడియోనే ‘ట్రాన్సిస్టర్’ అనేవాళ్లు కదా! ఆ పేరు ఇలా వచ్చిందే.

ఒక రోలు, రెండు రోకళ్లు

సౌండు పెద్దగా పెట్టినప్పుడు ఎక్కువ కరెంటు తాగేది స్పీకరును నడిపే భాగం. కొన్ని పాత రేడియోల్లో ఈ పని ఒక్క ట్రాన్సిస్టరే చేసేది. పాట ఉన్నా లేకపోయినా అది కరెంటు తాగుతూనే ఉండేది.

తర్వాత ఆ పనికి రెండు ట్రాన్సిస్టర్లు పెట్టారు. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో దంచడం మీరు చూసే ఉంటారు. ఒకరి పోటు తర్వాత ఇంకొకరి పోటు. ఈ రెండూ అలాగే వంతులవారీగా పనిచేస్తాయి. శబ్దం లేనప్పుడు రెండూ దాదాపు ఊరుకుంటాయి.

ఇలాంటి రేడియోలో సౌండు పెరిగితే కరెంటు ఖర్చు పెరుగుతుంది. సౌండు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. అంటే ఆదా మన చేతిలోనే ఉంది.

లెక్క చూద్దాం

సెల్లును బియ్యం డబ్బా అనుకోండి. పెద్ద సెల్లులో 4000 పాళ్ల కరెంటు ఉందనుకుందాం. వీటిని మిల్లీ ఆంపియర్ గంటలు అంటారు.

సౌండు మెల్లగా పెడితే గంటకు 20 పాళ్లు ఖర్చు అనుకుందాం. అప్పుడు 200 గంటలు వస్తుంది. రోజుకు 2 గంటలు వింటే 100 రోజులు.

సౌండు పెద్దగా పెడితే గంటకు 80 పాళ్లు అనుకుందాం. అప్పుడు 50 గంటలే వస్తుంది. రోజుకు 2 గంటలు వింటే 25 రోజులే.

ఇది అర్థం కావడానికి వేసిన లెక్క. రేడియోను బట్టి, సెల్లును బట్టి అంకెలు మారతాయి.

టక్ మనేదాకా తిప్పాలి

అత్త: అమ్మాయ్, రేడియో కట్టేశావా?

కోడలు: కట్టేశానత్తమ్మా. చప్పుడు లేదుగా!

అత్త: చప్పుడు లేకపోతే కట్టేసినట్టు కాదే. ఎర్ర దీపం చూడు, వెలుగుతానే ఉంది.

కోడలు: అయ్యో! నిజమే. రాత్రంతా ఇలాగే ఉండేదేమో!

సౌండు సున్నా చేసినా తరంగాలను పట్టే భాగం నడుస్తూనే ఉంటుంది. కుళాయి సరిగా కట్టకపోతే బొట్టు బొట్టుగా కారి తెల్లారేసరికి బిందె నిండుతుంది. ఇదీ అంతే. సౌండు చక్రాన్ని ‘టక్’ మనేదాకా తిప్పాలి. వేరే స్విచ్ ఉంటే అది కట్టేయాలి.

మనం ఏం చేయాలి?

1. వినపడేంత సౌండే పెట్టండి. ఒక్కరే వింటుంటే ఇయర్‌ఫోను పెట్టుకోండి. దానికి చాలా తక్కువ కరెంటు చాలు.

2. మీడియం వేవ్ స్టేషను సరిగా రాకపోతే సౌండు పెంచకండి. రేడియోను అటూ ఇటూ తిప్పి చూడండి. ఒక వైపు బాగా పలుకుతుంది. ఎఫ్.ఎం.కు ఏరియల్ పైకి లాగండి.

3. కొన్ని రేడియోల్లో టార్చిలైటు కూడా ఉంటుంది. అవసరం తీరగానే దాన్ని ఆర్పేయండి. పాతకాలపు బల్బు అయితే రేడియో కన్నా ఎక్కువ కరెంటు తాగవచ్చు.

4. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయకండి. పాతది కారి రేడియోను పాడుచేయవచ్చు.

5. అయిపోయిన సెల్లును ఎండలో పెడితే కాసేపు పలకవచ్చు. కొత్త బలం మాత్రం రాదు. పొయ్యిలో అసలే వేయకండి. పేలుతుంది.

6. చాలా రోజులు వాడకపోతే సెల్లులు తీసి విడిగా ఉంచండి. తుఫాను కాలంలో ఒక కొత్త జత దాచి ఉంచండి.

7. తుఫాను రోజున రేడియో అదేపనిగా నడపకండి. గంటకోసారి 10 నిమిషాలు వినండి. అలా అయితే రోజు మొత్తానికి 4 గంటలే అవుతుంది. సెల్లులు చాలా రోజులు వస్తాయి.

చెప్పండి

1. వాల్వుకు ఎక్కువ కరెంటు ఎందుకు పోయేది?

2. సౌండు సున్నా చేస్తే రేడియో కట్టేసినట్టేనా?

3. గంటకు 40 పాళ్లు ఖర్చయితే 4000 పాళ్లు ఎన్ని గంటలు వస్తాయి?

4. మీ ఇంట్లో సెల్లులు వేసిన తేదీ కాగితం మీద రాయండి. అయిపోయిన తేదీ కూడా రాయండి. ఎన్ని రోజులు వచ్చాయో మీ కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.