మాల తీసిన మర్నాడు

చిరంజీవి అల్లుడికి,

మీ అత్తయ్య పంపిన గోంగూర పచ్చడి సీసా నిలువుగా పెట్టుకో, లేకపోతే నూనె కారుతుంది.

మొన్న ఫోనులో నువ్వన్న మాట గురించి ఈ ఉత్తరం. ఫోనులోనే చెబుదామంటే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు. కాగితమైతే ఏ పుస్తకంలో దాచినా ఎప్పుడో ఒకప్పుడు చేతికి తగులుతుంది. "సిగరెట్టు మానెయ్యాలనే ఉంది, కానీ నాకు విల్‌పవర్ లేదు" అన్నావు. అది అబద్ధం. నిరుడు కార్తీకంలో నువ్వు మాల వేసుకున్నావు. తెల్లవారుజామునే లేచి చన్నీళ్ళు పోసుకున్నావు, చాప మీద పడుకున్నావు, చెప్పులు లేకుండా అదే ఆఫీసుకు అదే షిఫ్టుకు వెళ్ళొచ్చావు. ఆ నలభై ఒక్క రోజులూ సిగరెట్టు ముట్టలేదు. గేటు బయట టీ బండి అప్పుడూ ఉంది. నీ స్నేహితులు అప్పుడూ కాలుస్తూనే ఉన్నారు. మీ మేనేజరు అప్పుడూ అర్ధరాత్రి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. కొండ దిగి ఇంటికొచ్చి మాల తీసిన మర్నాడు, పొద్దుటి టీతోపాటు వెలిగించావు. ఇదంతా నువ్వు చెప్పిందే.

ఇది నీ ఒక్కడి కథ కాదులే. పొగాకు ఆరబెట్టే మన బ్యారన్ దగ్గర మంట చూసే సాయిబుగారు మామూలు రోజుల్లో బీడీ మీద బీడీ అంటించేవాడు. రంజాన్ నెలలో మాత్రం సహరీ నుంచి ఇఫ్తార్ దాకా బీడీ ఊసే ఉండేది కాదు. అదీ పొయ్యి ముందు, ఆ వేడిలో, గుక్కెడు మంచినీళ్ళు కూడా లేకుండా. అలాంటి మనిషికి పట్టుదల లేదని ఎవరంటారు?

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. పొగ లోపలికి పీలిస్తే పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో అది సగానికి పడిపోతుంది. అప్పుడు మొదలవుతుంది నీకు తెలిసిన ఆ పీకుడు. పూర్తిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజులు మహా చిరాకు, నిద్ర పట్టదు, మనసు దేని మీదా నిలవదు. తర్వాత కొద్దికొద్దిగా తగ్గుతూ మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. అంటే మాల తీసేనాటికి నీ ఒంటికి సిగరెట్టుతో పనే లేదు. కష్టమైన భాగమంతా నువ్వు దాటేసి వచ్చావు, ఎవరూ మెచ్చుకోకుండానే. మరి ఆ మర్నాడు ఎవరు వెలిగించినట్టు?

"దీక్ష అయ్యాక కాల్చుకోవచ్చులే" అనే ఆలోచన వెలిగించింది. దీక్షలో ఉన్నన్నాళ్ళూ సిగరెట్టు నీకు చెడ్డదిగా కనపడలేదు, వాయిదా పడ్డ సుఖంగా కనపడింది. వాయిదా గడువు తీరింది, సుఖం కోసం చెయ్యి చాచావు. నీకు లోటల్లా అక్కడే ఉంది. పట్టుదల నీ దగ్గర దండిగా ఉంది. మారనిది సిగరెట్టు మీద నీ అభిప్రాయం.

ఇంకో సంగతి కూడా గమనించు. ఆ రోజుల్లో నీలో నువ్వు బేరాలాడలేదు. "ఈ ఒక్కటి కాల్చి రేపట్నుంచి మానేద్దామా" అనే ప్రశ్నే పుట్టలేదు. స్వామి కాల్చడు, అంతే. ఎదుటివాళ్ళూ "స్వామీ" అని పిలుస్తూ, సిగరెట్టు పెట్టె తీసినా నీ వైపు చాపకుండా పక్కకు తిప్పుకున్నారు. మనిషిని పీల్చి పిప్పి చేసేది మానడం కాదురా, రోజుకు ఇరవైసార్లు మానాలా వద్దా అని తనతో తనే తగువుపడటం.

ఇప్పుడు ఆ సుఖం సంగతి. కాలిస్తే టెన్షను తగ్గుతుందంటావు. తగ్గేమాట నిజమే, కానీ ఏ టెన్షను? మన వైపు పొగాకు రైతుకు అప్పు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పాత బాకీ వడ్డీ కట్టడానికి కొత్త అప్పు తెచ్చినవాడికి ఆ సాయంత్రం ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. షావుకారు దేవుడిలా కనపడతాడు. పొద్దుటి సిగరెట్టు పెట్టిన పీకుడును మధ్యాహ్నం సిగరెట్టు తీరుస్తుంది, తీరుస్తూ సాయంత్రానికి ఇంకో పీకుడు రాసి పెడుతుంది. మీ పక్క సీట్లో అసలు కాల్చనివాడు ఉంటాడు చూడు, అదే మేనేజరు, అదే పని. రెండు గంటలకోసారి వాడికి ఊపిరాడనట్టు ఎందుకు ఉండదు? సిగరెట్టు మానినవాళ్ళ మీద జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చిన అధ్యయనాన్ని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. మానిన కొన్ని వారాల, నెలల తర్వాత వాళ్ళలో ఆందోళన, దిగులు, ఒత్తిడి కాల్చేవాళ్ళకంటే తగ్గాయే గాని పెరగలేదని అందులో తేలింది.

పొగాకు పండించినవాడివి నువ్వా నాకు చెప్పేది అంటావేమో. పండించాను కాబట్టే చెబుతున్నాను. ఇప్పుడంటే ఆ చేలో శనగ వేస్తున్నాం గాని, ఆ మొక్కను నేను చూసినంత దగ్గరగా మీ ఆఫీసులో ఎవడూ చూసి ఉండడు. నికోటిన్ ఆ మొక్క వేళ్ళలో పుట్టి ఆకుల్లోకి ఎక్కుతుంది. పురుగు తన జోలికి రాకుండా మొక్క చేసుకునే విషం అది. పూత తుంచేస్తే ఇంకా ఎక్కువ చేస్తుంది, అందుకే ఆకు చిక్కబడాలని తలలు తుంచేవాళ్ళం. కూరగాయల మీద పేనుబంక పడితే పొగాకు నానబెట్టి కాచిన కషాయమే కొట్టేవాళ్ళం, చచ్చి రాలేవి. (పొగాకు లద్దెపురుగు మాత్రం హాయిగా తిని బతికేస్తుంది. దాని తిండి జోలికి నేను పోను.)

మంచు పడే రోజుల్లో తెల్లారుజామున కూలీలు పచ్చాకు కొట్టడానికి దిగేవాళ్ళు. తడి ఆకు చంకలో పెట్టుకుని మోస్తారు కదా, ఆ తడిలోంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగేది. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా ఉంటే తొమ్మిదింటికల్లా గట్టు మీద కూలబడి తల పట్టుకునేది, వాంతులు. మజ్జిగ ఇచ్చి చెట్టుకింద పడుకోబెట్టేవాళ్ళం. పొగ లేదు, నిప్పు లేదు, వట్టి ఆకు. బ్యారన్ దగ్గర ఆకు అల్లేవాళ్ళ చేతులు నీకు గుర్తుండవు, చిన్నవాడివి. ఆకు బంక వేళ్ళకు పట్టి నల్లగా, తారు పూసినట్టు గట్టిపడేది. సబ్బుకు లొంగదు. ఆ చేత్తో అన్నం కలుపుకుంటే మొదటి ముద్ద చేదు. ఆ ఆకే బ్యారన్‌లోకి ఎక్కి, 95 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పసుపు తిరిగి, 160 దాకా వేడెక్కి, ఐదారు రోజులకు బంగారు రంగులో దిగి, వేలం కేంద్రంలో బేళ్ళుగా కూర్చునేది. రంగు చూసి ధర. నువ్వు పెట్టెలో చూసే తెల్ల కాగితం దాని చివరి చొక్కా.

మొదటి సిగరెట్టుకు నువ్వూ దగ్గి ఉంటావు, కళ్ళు తిరిగి ఉంటాయి. ఆ పిల్లకు గట్టు మీద వచ్చిందీ నీకు వచ్చిందీ ఒకటే. నీ ఒళ్ళు ఒద్దని చెప్పింది. నువ్వు పట్టుబట్టి అలవాటు చేశావు. చూశావా, అక్కడా పట్టుదలే. గురజాడవారి వెంకటేశం, గిరీశంగారి సావాసంలో తనకు అబ్బిన చదువల్లా చుట్ట కాల్చడమేనని అంటాడు. మీ టీమ్ లీడు దగ్గర నీకు అంతకంటే ఎక్కువేమైనా అబ్బిందేమో నువ్వే చెప్పాలి.

ఊపిరితిత్తుల బొమ్మ చూపించి భయపెట్టడం నాకు ఇష్టం లేదు. పెట్టె మీద నూటికి ఎనభై అయిదు వంతులు హెచ్చరిక బొమ్మా రాతా ఉన్నా కాలుస్తూనే ఉన్నావు. కాని రిచర్డ్ డాల్ అనే ఇంగ్లీషు డాక్టరు సంగతి మాత్రం చెప్పాలి. రెండో యుద్ధం తర్వాత లండన్‌లో ఊపిరితిత్తుల కాన్సరు ఎందుకు పెరుగుతోందో తేల్చే పని ఆయన మీద పడింది. అప్పుడు ఆయనా కాల్చేవాడే. మొదట అనుమానించింది తారు రోడ్లను, మోటారు కార్ల పొగను. ఆసుపత్రుల్లో రోగులను అడుగుతూ పోతుంటే సంగతి బయటపడింది. పరిశోధన పూర్తికాకముందే తను మానేశాడు. ఎవరూ ఒట్టు వేయించుకోలేదు, కళ్ళెదుట ఉన్నది చూశాడు. 1951లో బ్రిటన్ డాక్టర్లనే వేలమందిని పట్టుకుని యాభై ఏళ్ళు వెంట నడిచి 2004లో తేల్చిందేమంటే, కాల్చేవాళ్ళకు సగటున పదేళ్ళ ఆయుష్షు పోతుంది. ముప్ఫై దగ్గర మానితే దాదాపు ఆ పదేళ్ళూ తిరిగొస్తాయి. అరవైకి మానితే మూడేళ్ళే. వచ్చే ఏటికి నీకు ముప్ఫై.

లండన్‌లోనే అలెన్ కార్ అని ఒక అకౌంటెంటు ఉండేవాడు. రోజుకు వంద దాకా కాల్చినవాడు, 1983లో మానేసి దాని మీద పుస్తకం రాశాడు. పట్టుదలతో మానాలనుకోవడమే పొరపాటు, సిగరెట్టు ఏమీ ఇవ్వదని బుర్రకెక్కితే చాలు అంటాడు. సగమే ఒప్పుకుంటాను. బుర్రకెక్కడం ముఖ్యం, నిజమే. కాని బుర్రకెక్కిన సంగతి రాత్రి రెండింటికి ఆఫీసు మెట్ల మీద గుర్తుండదు. పట్టుదల కావలసింది అలాంటి నాలుగైదు చోట్లే. మిగతా రోజంతా పళ్ళు బిగబట్టుకుని తిరగక్కర్లేదు.

ఆ చోట్లేవో నీకే బాగా తెలుసు. నాకు తెలిసినవి రెండు చెబుతాను. ఒకటి టీ, కాఫీ. సిగరెట్టు పొగ వల్ల కాఫీలోని కెఫీన్ ఒంట్లో తొందరగా అరిగిపోతుంది. పొగ ఆగితే అదే కాఫీ రెట్టింపు కూర్చుంటుంది. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర రాకపోవడం అన్నీ సిగరెట్టు లేకనే అనుకుంటావు, సగం కాఫీ చేసే పని. మానిన రోజునుంచి సగానికి తగ్గించు. రెండోది పెళ్ళిళ్ళు, పార్టీలు. ఒక గుక్క పడ్డాక "ఒక్కటే కదరా" అంటారు. ఆ ఒక్కటి దగ్గర నీ పట్టుదలంతా ఖర్చుపెట్టు, దాచుకోవద్దు. పీకుడు వచ్చినప్పుడు నిమిషాలే ఉంటుంది, అలలా పోతుంది. ఆ నిమిషాల్లో లేచి నాలుగడుగులు వెయ్యి, నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా ఎత్తుతాను, ఈ వయసులో నిద్రెక్కడిది.

మానే ముందు ఒక పని చెయ్యి. ఒక్కడివే కూర్చుని, ఫోను లేకుండా, టీ లేకుండా ఒక సిగరెట్టు మొత్తం కాల్చు. ఎలా ఉందో గమనించు. నాలుక మీద రుచి, గొంతులో గరుకు, సగంలోనే చాలనిపించడం. రోజూ కాలుస్తావు గాని ఒక్కటైనా చూసి ఉండవు.

మందులు వాడటం నామర్దా అనుకోకు. ఏ సాయమూ లేకుండా మానబోయినవాళ్ళలో ఏడాది నిలిచేది ఒక్కో ప్రయత్నానికి నూటికి నలుగురైదుగురే. అందుకని నువ్వు ఇదివరకు తప్పిపోయినందుకు సిగ్గుపడేదీ లేదు. మందుల షాపులో నికోటిన్ గమ్ము దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములది. దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేస్తే ఎక్కిళ్ళు, కడుపులో మంట. మెల్లగా నమిలి, చురుక్కుమనగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి ఊరుకోవాలి, చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. దానికి ముందు పావుగంట టీ కాఫీ తాగకూడదు. పొద్దున లేచిన అరగంటలోపే వెలిగించే అలవాటు ఉంటే డాక్టరును అడుగు, మాత్రలూ ఉన్నాయి. పెట్టె మీద టోల్‌ఫ్రీ నంబరు ఉంటుంది చూడు, 1800-11-2356, దానికి చేస్తే మాట్లాడి దారి చెబుతారు. కరెంటు సిగరెట్లని ఎవరైనా అంటగడితే తీసుకోకు. 2019 నుంచి మన దేశంలో వాటి అమ్మకమే నిషేధం. పైగా అదీ నికోటినే.

నాలుగైదు కిలోలు బరువు పెరిగే అవకాశం ఉంది. పెరగనీ. ఒక పని అయ్యాక ఇంకో పని.

ముహూర్తం కోసం ఉగాదిదాకా ఆగొద్దు. నీకు పని ఒత్తిడి లేని వారం చూసుకుని మొదలుపెట్టు. పెట్టెలో మిగిలినవి స్నేహితులకు పంచిపెట్టకు, తడిపి చెత్తలో వెయ్యి. దీక్ష అని ఎవరికీ చెప్పకు, దీక్షకు ముగింపు ఉంటుంది.

మీ అమ్మకు చెప్పొద్దని బతిమాలావు. నేను చెప్పలేదు. ఆవిడకు రెండేళ్ళనుంచీ తెలుసు, పండక్కి వచ్చినప్పుడల్లా నీ చొక్కాలు ఉతికేది ఆవిడే. ఆ సంగతి నీతో అనొద్దని నన్ను బతిమాలింది. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను, కాబట్టి నువ్వే ఫోను చేసి మాట్లాడు. సంక్రాంతికి రైలు టిక్కెట్టు తీసుకున్నావో లేదో కూడా అప్పుడే చెప్పు, ఒంగోలు స్టేషనుకు బండి పంపాలి.

ఇట్లు,
మీ మామయ్య