అమ్మకంతో తీరని బాధ్యత

పాఠ్యభాగ ఉద్దేశం

విద్యుత్ ద్విచక్ర వాహనాన్ని ఉదాహరణగా తీసుకొని, అమ్మకం తరువాత విక్రేతకూ తయారీదారుకూ ఉండే బాధ్యతను వివరించడం. ఆ బాధ్యతను వారు విస్మరించినప్పుడు వినియోగదారునికి చట్టం చూపే మార్గాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పూర్వం గ్రామాలలో నాగలి చేసిన వడ్రంగియే దానిని బాగుచేసేవాడు. కర్రు అరిగితే కమ్మరి కొలిమి దగ్గరకు వెళ్ళేవారు. చేసినవాడూ వాడేవాడూ ఒకే ఊరివారు. మాట తప్పినవాడు మరునాడు అదే వీధిలో తలదించుకొని నడవవలసి వచ్చేది. సైకిళ్ళు వచ్చిన తరువాత కూడా ఈ సౌకర్యం పూర్తిగా పోలేదు. ట్యూబు, చైను, పెడలు వంటివి ఊరి సైకిలు దుకాణంలోనే దొరికేవి.

విద్యుత్ వాహనంతో పరిస్థితి మారింది. దీనికి బ్యాటరీ, మోటారు, కంట్రోలర్ ప్రధానాంగాలు. బ్యాటరీ నుండి మోటారుకు చేరే విద్యుత్తును కంట్రోలర్ అదుపు చేస్తుంది. బ్యాటరీలోని ఘటాలు మితిమీరి ఛార్జి కాకుండా, వేడెక్కకుండా మరొక ఎలక్ట్రానిక్ వలయం కాపాడుతుంది. ఒక కంపెనీ కంట్రోలర్ మరొక కంపెనీ వాహనానికి సాధారణంగా పనికిరాదు. కాబట్టి ఆ కంపెనీ విడిభాగం పంపకపోతే వాహనం కదలదు. అనుభవం లేనివారు బ్యాటరీని విప్పడం ప్రమాదకరం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట ఛార్జింగులో ఉన్న విద్యుత్ వాహన బ్యాటరీ పేలి ఒకరు మరణించారు.

ఒక ఉదాహరణను ఊహిద్దాం. ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురంలో ఒక చిరువ్యాపారి ఊరూరా తిరిగి బట్టలు అమ్ముతాడు. పెట్రోలు ఖర్చు తగ్గుతుందన్న ఆశతో, దసరా రాయితీలో, శ్రీకాకుళంలోని ఒక దుకాణంలో అప్పుచేసి విద్యుత్ వాహనం కొన్నాడు. కొన్ననాడు కుర్చీ వేసి మర్యాద చేశారు. ఎనిమిది నెలలకు కంట్రోలర్ చెడిపోయింది. “విడిభాగం కంపెనీ నుండి రావాలి, వచ్చే వారం రండి” అన్నారు. ఆ వచ్చే వారం ఎన్నటికీ రాలేదు. కంపెనీకి ఫోను చేస్తే దుకాణదారును అడగమన్నారు. దుకాణదారుని అడిగితే కంపెనీకి ఫోను చేయమన్నాడు. వాహనం గోడకు చేరింది. నెలసరి వాయిదా మాత్రం ఆగలేదు. అతడు కోల్పోయినది కేవలం ఒక యంత్రభాగం కాదు, ప్రతిదినం దక్కవలసిన కూలి.

ఇటువంటి ఇబ్బంది ఒక ప్రాంతానికి పరిమితమైనది కాదు. 2023 సెప్టెంబరు 1 నుండి 2024 ఆగస్టు 30 వరకు ఓలా ఎలక్ట్రిక్ సంస్థపై జాతీయ వినియోగదారుల సహాయవాణికి 10,644 ఫిర్యాదులు అందాయి. వాటిలో 3,389 సేవలో జాప్యానికి సంబంధించినవి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ సంస్థకు సంజాయిషీ నోటీసు ఇచ్చింది. ఫిర్యాదులలో 99.1 శాతం పరిష్కరించామని సంస్థ సమాధానమిచ్చింది. చెదురుమదురుగా మిగిలిపోయే మొరలు ఒకచోట నమోదైనప్పుడు ఎంత పెద్ద సంస్థ అయినా బదులు చెప్పవలసి వస్తుందని దీనివలన తెలుస్తున్నది.

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ వినియోగదారునికి భద్రత, సమాచారం, ఎంపిక, తన మాట వినిపించుకోవడం అనే నాలుగు హక్కులు ఉన్నాయని ప్రకటించాడు. మన దేశంలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. వస్తువును బాగుచేస్తామని, భాగం మారుస్తామని ప్రజలకు మాట ఇచ్చినప్పుడు, ఆ మాట నెరవేరే సహేతుకమైన అవకాశమే లేకపోతే ఈ చట్టం దానిని అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. అంటే వారంటీ కాగితం అలంకారం కాదు. అది వ్రాసి ఇచ్చిన వాగ్దానం. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం వస్తువు కొన్నవాడు కూడా చట్టదృష్టిలో వినియోగదారుడే. కావున ఇచ్ఛాపురం వ్యాపారికి ఈ రక్షణ వర్తిస్తుంది.

కొత్త చట్టం మరొక మేలు చేసింది. కంపెనీ కార్యాలయం ఏ దూరనగరంలో ఉన్నా, వినియోగదారుడు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఇచ్ఛాపురంవారు శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను, చీపురుపల్లివారు విజయనగరంలోని కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. సమస్య తలెత్తిన నాటినుండి 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి.

అయితే హక్కుకు సాక్ష్యం కావాలి. వెల కొంత తగ్గుతుందని బిల్లు లేకుండా కొనేవారు తమ ఆయుధాన్ని తామే వదులుకొంటున్నారు. బిల్లు, ముద్ర వేసిన వారంటీ పత్రం, బాగుకు ఇచ్చిన తేదీ గల రసీదు భద్రపరచాలి. నోటిమాటతో సరిపెట్టక విక్రేతకూ కంపెనీకీ వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. 1915 నెంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అప్పటికీ ఫలితం లేకపోతే కమిషన్ ఉన్నది. అన్నిటికంటె ముందు, కొనేనాడే వెలతోపాటు మరొక ప్రశ్న అడగాలి: “ఇది చెడిపోతే ఎక్కడ, ఎన్ని రోజులలో బాగవుతుంది?”

దుకాణదారునికీ కష్టముంటుంది, కంపెనీ విడిభాగం పంపనిదే అతడేమి చేయగలడు? అందుకే చట్టం తయారీదారును కూడా బాధ్యుని చేసింది. నాటి వడ్రంగిని మాటకు కట్టివేసినది ఊరి కట్టుబాటు. నేటి విక్రేతను కట్టివేయవలసినది చట్టం. ఆ చట్టానికి బలం, దానిని తెలిసి వాడుకొనే పౌరునివలననే కలుగుతుంది.

పదాలు – అర్థాలు

విస్మరించు = మరచిపోవు, పట్టించుకోకపోవు
కర్రు = నాగలికి అమర్చే ఇనుప మొన
జాప్యం = ఆలస్యం
సంజాయిషీ = వివరణ, సమాధానం
సహేతుకం = కారణంతో కూడినది

ప్రశ్నలు

1. గ్రామ వడ్రంగికీ నేటి విక్రేతకూ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. “వారంటీ కాగితం అలంకారం కాదు” – సమర్థించండి.
3. విడిభాగం అందక నష్టపోయిన వినియోగదారుని తరఫున కంపెనీకి ఒక లేఖ వ్రాయండి.