మళ్లీ పిలుపు రావాలంటే
బాస్ గిటార్ పట్టే పిల్లలకు కరీంనగర్ పెద్దాయన చెప్పే ఆరు మాటలు

1. వచ్చిందాన్ని వదలకు. బ్యాండు కడితే అందరికీ లీడ్ గిటారే కావాలె. బీటిల్స్‌లోనూ అంతే. 1961లో బాస్ వాయించే స్టువర్ట్ సట్‌క్లిఫ్ వెళ్లిపోయాక వేరేవాళ్లు ముందుకు రాకపోతే పాల్ మెకార్ట్నీ బాస్ అందుకున్నాడు. ఇప్పుడు ఆ పాటల్లో బాస్ తీసేసి విను తమ్మీ, తెలుస్తది.

2. డ్రమ్మర్‌తో దోస్తీ చెయ్యి. కిక్ పడ్డ చోటే నీ స్వరం పడాలి. మన దగ్గర బ్యాండులోకి డప్పు కూడా వస్తుంది. అప్పుడు సిర్ర దెబ్బనే పట్టుకో. చిటికెన పుల్ల మెలికల వెంట పడితే పాట కాళ్ల కింద నేల పోతుంది.

3. ఆదిలాబాద్ చలిని లెక్కలో పెట్టుకో. డిసెంబర్ రాత్రి గదిలో సరిచేసిన శృతి బయటికి రాగానే పైకి పోతుంది, చలికి తీగ బిగుసుకుంటుంది గనుక. లైట్ల వేడి తగిలాక మళ్లీ జారుతుంది. డప్పు కళాకారులు ఆటకు ముందు మంట దగ్గర డప్పు కాచుకుంటారు చూడు, వాళ్లకున్న ఓపిక నీకూ ఉండాలి. గిటార్‌ను ముందే బయటపెట్టి, స్టేజీ ఎక్కబోయే ముందు శృతి చూసుకో.

4. మైక్‌సెట్‌ను బట్టి వాయించు. లావు తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే సెకనుకు దాదాపు 41 కంపనాలు. గోదావరిఖని గల్లీలో వినాయక మండపం దగ్గరి చిన్న స్పీకర్లు అంత లోతు పలకవు. వాల్యూమ్ పెంచితే గరగరే మిగులుతుంది. అదే స్వరాన్ని ఒక స్థాయి పైన పట్టు, జనానికి వినబడుతుంది.

5. ఖాళీ వదలడం నేర్చుకో. 1980లో క్వీన్ బృందం కోసం జాన్ డీకన్ రాసిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' వేళ్లకు కష్టం కాదు. స్వరాల మధ్య ఆగడమే కష్టం. ఇళయరాజా పాటల్లో బాస్ తనే ఒక రాగం తీస్తుంది, అయినా గాయకుడి మీద పడదు. రెండూ చెవితో పట్టి సాధన చెయ్యి.

6. పైసల మాట ముందే మాట్లాడుకో. అడ్వాన్సు, బండి కిరాయి, తిండి, రాత్రి తిరుగు ప్రయాణం అన్నీ తేలాకే ఒప్పుకో. ముహూర్తాలు లేని నెలల కోసం నలుగురికి నేర్పే పనైనా చేతిలో పెట్టుకో. ఇక జనం నీ పేరు అడగరు. "ఆ బాస్ అన్న ఖాళీగున్నడా?" అని అడిగేది పాడేవాళ్లూ డ్రమ్మరే. కాబట్టి పాటల లిస్టు ముందే విను, వేళకు రా, సంచిలో ఇంకో సెట్టు తీగలు, ఇంకో కేబుల్ వేసుకో.