బానెట్ మీద బంక: పాత పెయింటర్ చెప్పే పది పాఠాలు

విజయవాడ ఆటోనగర్‌లో డ్యూకో పెయింటింగ్ పని చేస్తూ తల నెరిసినవాణ్ణి. అంబాసిడర్లకు ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొట్టిన రోజుల నుంచి పీయూ (పాలీయురెథేన్) పెయింట్లు, హీట్ బూత్‌లు వచ్చేదాకా అన్నీ చూశాను. షెడ్డుకు వచ్చే బళ్ళలో గుద్దుకుని వచ్చేవి ఎలాగూ ఉంటాయి. శుభ్రం చెయ్యబోయి పాడుచేసుకుని వచ్చేవీ తక్కువేం కాదు. చెట్టు బంక చేసే నష్టం కంటే దాన్ని గీకే చెయ్యి చేసే నష్టమే ఎక్కువ. నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు తలెత్తి చెట్టును చూడండి

అంటుకున్న ప్రతిదాన్నీ మనం బంక అనేస్తాం. కానీ చెట్టును బట్టి మందు మారుతుంది. వేప, తుమ్మ, మునగ బంకలు నీళ్ళకు నానతాయి. వాటి మీద స్పిరిట్ పోస్తే లాభం లేదు, ఇంకా బిగుసుకుంటాయి. ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్ళి, పైన్ చెట్ల కింద బండి పెట్టి తెచ్చుకున్న జిగురు అలా కాదు. అది గుగ్గిలం జాతి. బిందెలతో నీళ్ళు పోసినా కదలదు, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. పనస పాలు మూడో రకం, వాటికి నూనె కావాలి. పనసపండు కోసే ముందు మన ఆడవాళ్ళు చేతికీ కత్తికీ నూనె రాసుకునేది అందుకే. ఇక మామిడి సొన. తగిలితే మన చర్మమే పొక్కిపోతుంది, దాన్ని రంగు మీద ఎండనివ్వకండి.

2. చెట్టుకు గాయం లేకుండా పడే బంక పురుగుది

మామిడి పూత మీదున్న రోజుల్లో కారంతా సన్నటి మెరిసే చుక్కలు పడతాయి. అద్దం మీద వైపర్ తిప్పితే జిడ్డుగా అలుక్కుంటుంది. అది చెట్టు కార్చింది కాదు. తేనెమంచు పురుగు రసం పీల్చి విసర్జించిన తీపి నీరు. పేనుబంక పట్టిన చెట్ల కిందా ఇదే వరస. చక్కెర సరుకు కాబట్టి గోరువెచ్చటి నీళ్ళకూ కార్ షాంపూకూ పోతుంది. వారాల తరబడి వదిలేస్తే మాత్రం దాని మీద నల్లగా మసి బూజు పడుతుంది, అప్పుడు పని రెట్టింపు.

3. మీరు రుద్దుతున్నది ఎంత పల్చనిదో గుర్తుంచుకోండి

ఇప్పటి కార్లకు రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, ఆపైన గాజులా మెరిసే క్లియర్ కోటు ఉంటాయి. ఈ క్లియర్ కోటు మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఎండ నుంచి రంగును కాచేది ఆ పల్చటి పొరే. గోరు, బ్లేడు, అంట్లు తోమే స్క్రబ్బరు, ఏటీఎం కార్డు అంచు... వీటిలో ఏదైనా సరే, బంకతో పాటు ఆ పొరనూ లాక్కొస్తుంది. బంక చుక్క కోసం గీకి గీకి చివరికి డోరంతా రంగు వేయించుకోవడమంటే, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

4. రేకు చల్లారే దాకా చెయ్యి పెట్టొద్దు

మన మే నెల ఎండలో బానెట్ మీద అరచెయ్యి నిలవదు. ఆ వేడిలో షాంపూ అక్కడికక్కడే ఎండి మచ్చ కడుతుంది. స్పిరిట్ బంకను కరిగించే లోపే ఆవిరైపోతుంది. ఏ పనైనా నీడలో, పొద్దున్నే. ముందు మామూలు నీళ్ళతో దుమ్మంతా కడిగెయ్యాలి. దుమ్ము ఉండగా గుడ్డ పెట్టారంటే వాటర్ పేపర్ పెట్టినట్టే లెక్క.

5. సగం పని నానబెట్టడమే

ఎండిన వేప బంక చుక్కను చూడండి. తేనె రంగులో, గట్టిగా, గాజుపూసలా ఉంటుంది. మెత్తటి నూలు గుడ్డను గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, పిండకుండా, దాని మీద పరచండి. పది, పదిహేను నిమిషాలు ఆగి గుడ్డ ఎత్తి చూస్తే అంచులు తెల్లబడి ఉబ్బి ఉంటాయి. మళ్ళీ తడిపి పరచండి. రెండో విడతకు చుక్క మొత్తం జావలా మారి, వేలితో నెడితే పక్కకు జరుగుతుంది. అప్పుడు గుడ్డతో పైకి ఎత్తెయ్యాలి, అటూ ఇటూ పామకూడదు. మరిగే నీళ్ళు వద్దు, చెయ్యి ఓర్చుకునే వేడి చాలు.

6. ఘాటు మందు ఆఖరిది

నీళ్ళకు లొంగనిదని తేలాకే సీసా మూత తియ్యండి. గుగ్గిలం జాతికి మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ గానీ, కారులో పడి ఉన్న ఆల్కహాల్ శానిటైజర్ గానీ సరిపోతుంది. నీలగిరి తైలం కూడా పనికొస్తుంది, స్టిక్కర్ జిగురుకూ అదే. ఏదైనా గుడ్డకు అద్ది, చుక్క మీద అరనిమిషం ఆనించి, మెల్లగా తుడిచి, వెంటనే నీళ్ళతో కడగాలి. ముందుగా అదే ప్యానెల్‌లో కింద కనబడని మూల పరీక్షించండి. ఒక డోరు కంపెనీ రంగు, పక్క డోరు బయట వేయించిన రంగు అయి ఉండొచ్చు. అందుకే పెట్రోల్ మూత లోపల చేసిన పరీక్ష డోరుకు చెల్లదు. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు దగ్గరికి రానివ్వొద్దు. ఎన్.సి. పెయింటైతే థిన్నరుకు కరిగి గుడ్డకే వచ్చేస్తుంది. స్పిరిట్ పట్టుకున్నప్పుడు దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదని వేరే చెప్పాలా?

7. తారుకు నూనె, సిమెంటుకు పులుపు

కొత్తగా వేసిన రోడ్డు మీద వెళ్ళొస్తే చక్రాల వెనక నల్లటి చుక్కలు పడతాయి. అది తారు, నీళ్ళను లెక్కచెయ్యదు. మా రోజుల్లో కిరోసిన్ గుడ్డతో తుడిచి, షాంపూతో కడిగేవాళ్ళం. ఇప్పుడు కిరోసిన్ దొరకడమే గగనం. కొబ్బరినూనె రాసి కాసేపు ఆగినా మెత్తబడుతుంది, కాస్త ఓపిక కావాలంతే. పక్కన అపార్ట్‌మెంటు కడుతుంటే పడే సిమెంటు తుంపర్లు పచ్చిగా ఉండగానే నీళ్ళు కొట్టెయ్యండి. గట్టిపడితే వెనిగర్ తడిపిన గుడ్డ పరచి విడతలు విడతలుగా కరిగించాలి, ఊడబెరకొద్దు. బోరు నీళ్ళతో కడిగి తుడవకుండా వదిలేస్తే మిగిలే తెల్లటి వలయాలు సున్నపు లవణాలు. వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి రాసి, రెండు నిమిషాల్లో కడిగెయ్యండి.

8. తెల్ల కారు మీద నారింజ చుక్కలు కనబడితే బెంబేలెత్తొద్దు

“బాబాయ్‌ గారూ, కొత్త బండి అప్పుడే తుప్పు పట్టేసింది” అని పరుగెత్తుకొచ్చిన కుర్రాళ్ళు ఎందరో. తుప్పు పట్టింది రేకు కాదు, రంగులో గుచ్చుకున్న ఇనప రజను. రైలు పట్టాల పక్క, వెల్డింగ్ షాపుల పక్క ఆగే బళ్ళకు ఇది మామూలే. బ్రేకుల పొడి కూడా ఇదే పని చేస్తుంది. కడిగి ఆరిన బానెట్ మీద, చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని నిమిరి చూడండి. కంటికి నున్నగా కనబడేది ఇసక కాగితంలా గరగరమంటుంది. దీనికి ఐరన్ రిమూవర్ కొడితే చుక్క చుట్టూ ఊదా రంగు కారుతుంది, కంపు కూడా కొడుతుంది, మందు పనిచేస్తోందన్నమాట. కడిగాక మిగిలినవాటికి క్లే బార్, అంటే రంగులో గుచ్చుకున్నదాన్ని పట్టి లాగే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద. షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లుతూ, బరువు వెయ్యకుండా జార్చాలి. క్లే చెయ్యిజారి నేల మీద పడిందా, ఎంత ఖరీదైనదైనా పారెయ్యాల్సిందే. దానికంటుకున్న ఇసక మీ కారుకు గీతలు పెడుతుంది.

9. రెట్టకూ, దసరా బొట్లకూ వాయిదా వెయ్యొద్దు

బంక ఒకటి రెండు రోజులు ఆగుతుంది. పిట్ట రెట్ట ఆగదు. అందులో ఆమ్లం ఉంటుంది, ఎండకు క్లియర్ కోటు మెత్తబడ్డప్పుడు లోపలికి దిగుతుంది. సాయంత్రానికి రంగు మీద మచ్చ అచ్చు పడుతుంది. తడిగుడ్డ పరచి నానబెట్టి ఎత్తండి. దసరాకు బండికి పెట్టిన పసుపు, కుంకుమ, గంధం సంగతీ అంతే. పూజయిన మర్నాడే నీళ్ళు పోసి కడగండి. ఎండిన గంధాన్ని పొడిగుడ్డతో రుద్దితే వచ్చే ఏడు దసరాకు కూడా ఆ గీతలు అక్కడే ఉంటాయి. బండ్లు తుడిచే అబ్బాయి ఒకే బకెట్టు నీళ్ళతో సెల్లారంతా తుడుస్తుంటే, మీ కారుకు వేరే గుడ్డ, మంచి నీళ్ళు మీరే ఇవ్వండి. అడగడానికి మొహమాటమెందుకు?

10. తీసిన చోట మళ్ళీ కాపు పెట్టండి

స్పిరిట్, క్లే తగిలిన చోట పాత వ్యాక్స్ కూడా పోతుంది. కడిగి, ఆరబెట్టి, ఒక చేయి వ్యాక్స్ పట్టించండి. తర్వాత పడే బంక రంగును నేరుగా పట్టుకోదు. అయినా మచ్చో గీతో మిగిలితే మాత్రం మీరు రుద్ది అరగదీసే కాంపౌండ్ మొదలుపెట్టొద్దు. కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ క్లియర్ కోటు కొంత అరుగుతుంది, అరిగింది తిరిగి రాదు. గీత గోరుకు తగులుతుందా లేదా చూసి, మందం కొలిచే మీటరు ఉన్న పనివాడి దగ్గరికి వెళ్ళండి.

బంక గొడవ పడలేక వీధిలో వేపచెట్టు కొట్టించెయ్యమనే పెద్దమనుషులూ ఉంటారు. ఎండకు రంగు వెలిసి, క్లియర్ కోటు పొరలు పొరలుగా లేచిపోయిన కార్లు మా షెడ్డుకు ఎన్ని వచ్చేవో వాళ్ళు చూడలేదు. ఆ జబ్బుకు మళ్ళీ రంగు వేయించడం తప్ప మందు లేదు. బంకకు గిన్నెడు నీళ్ళు, అరగంట ఓపిక చాలు. కారును చెట్టు కిందే పెట్టుకోండి, డిక్కీలో రెండు మెత్తటి గుడ్డలు, ఒక నీళ్ళ సీసా ఉంచుకోండి.