కట్టడాలకు మార్కులు



ప్రతి సంవత్సరమూ మీరు పరీక్షలు వ్రాస్తారు. మలాయ్ భాషకు ఇన్ని మార్కులు, గణితానికి ఇన్ని, సైన్సుకు ఇన్ని అని ఇంటికి పట్టిక తెచ్చి చూపిస్తారు. మీరు కూర్చొని చదువుకొనే స్కూలు కట్టడానికి కూడా పరీక్ష పెట్టి మార్కులు వేయవచ్చునని ఎవరైనా అంటే మీకు నవ్వు వస్తుందేమో! కాని అటువంటి పరీక్ష మన మలేషియాలో 2009వ సంవత్సరం నుండి జరుగుతూనే ఉన్నది. దాని పేరు గ్రీన్ బిల్డింగ్ ఇండెక్స్. క్లుప్తంగా జి.బి.ఐ. అంటారు. తెలుగులో మనం హరిత భవన సూచిక అనుకొందాం. హరితం అంటే ఆకుపచ్చ. అయితే గోడలకు ఆకుపచ్చ రంగు వేసినంత మాత్రాన అది హరిత భవనం కాదు సుమా! తక్కువ కరెంటుతో, తక్కువ నీటితో, లోపల ఉండే వారి ఆరోగ్యం చెడకుండా నడిచే కట్టడాన్ని హరిత భవనం అంటారు.

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఎండ బాగా కాసిన రోజున, సాయంత్రం అయిదు గంటలకు, పడమటి వైపున్న ఏదైనా గోడకు అరచేయి ఆనించి చూడండి. వెంటనే ఉత్తరపు గోడకు ఆనించండి. తేడా మీకే తెలుస్తుంది. మన ఇపో పట్టణం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు నాలుగున్నర డిగ్రీల దూరంలోనే ఉన్నది. అందువలన సూర్యుడు ఏడాది పొడవునా దాదాపు మన నడినెత్తి మీదుగానే ప్రయాణం చేస్తాడు. ఆ ఎండ అంతా మొదట పడేది ఇంటి కప్పు మీద. తరువాత ఉదయం తూర్పు గోడ మీద, సాయంత్రం పడమటి గోడ మీద. ఉత్తర దక్షిణాల గోడలకు కాస్త చూరు దించితే చాలు, నీడ దొరుకుతుంది. తామన్‌లోని వరుస ఇళ్ళలో నడిమి ఇంటికి ముందు గోడ, వెనుక గోడ మాత్రమే బయటికి ఉంటాయి. కాబట్టి ఆ ఇంటి ముఖం పడమరకు ఉన్నదా, ఉత్తరానికి ఉన్నదా అన్న దానిని బట్టే రాత్రి ఆ ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టడమో, పట్టకపోవడమో జరుగుతుంది.

ఈ సంగతులు మన పూర్వులకు తెలియనివి కావు. మలాయ్ కంపంలోని పాత ఇంటిని చూడండి. స్తంభాల మీద నేలకు ఎత్తుగా ఉంటుంది. క్రింద నుండి గాలి ఆడుతుంది, వాన నీరు ప్రవహించిపోతుంది. కప్పు అత్తాప్ ఆకులది. ఆకు కప్పు వేడిని దాచుకోదు. పొద్దు క్రుంకగానే చల్లబడుతుంది. కిటికీలు నేల దాకా ఉంటాయి. అట్లాగే ఇపో పాత బజారులో, లోరంగ్ పంగ్లీమా వంటి వీధులలో, చీనావారు కట్టిన దుకాణపు ఇళ్ళను చూడండి. ముందు భాగం సన్నగా, లోపలికి చాలా పొడుగుగా ఉంటాయి. అంత పొడుగు ఇంటిలో నడుమ చీకటిగా, ఉక్కగా ఉండవలసినదే కదా! కాని నట్టనడుమ పైకప్పు తెరచి ఒక బావి వంటి ఖాళీ విడిచారు. దాని గుండా వెలుతురు దిగుతుంది, వేడి గాలి పైకి పోతుంది. వీధి వైపున అయిదడుగుల వెడల్పున కాకి లీమా ఉంటుంది. ఆ నీడలో నడిచేవారికి ఎండా తగలదు, వానా తగలదు.

ఇది చదువుతూ ఉంటే మీ తాతయ్యలకో, అమ్మమ్మలకో మన ఆంధ్రదేశపు మండువా లోగిలి గుర్తుకు రావచ్చు. నాలుగు వైపులా పెంకుటి కప్పులు, నడుమ ఆకాశం కనపడే వాకిలి, వీధి వైపున అరుగు. చీనా దుకాణపు ఇంటిని కట్టిన మేస్త్రీకి కోనసీమ ఊసే తెలియదు. కోనసీమ వడ్రంగికి చీనా ఊసు తెలియదు. వేడిమి ఇద్దరికీ ఒకే పాఠం చెప్పింది.

తరువాత కాలం మారింది. ఎయిర్‌కాన్ వచ్చింది. కట్టడం ఎటు తిరిగి ఉన్నా, నాలుగు వైపులా అద్దాలే బిగించినా, మీట నొక్కితే చల్లబడుతుంది. ఇక నీడ ఎందుకు, చూరు ఎందుకు అనుకొన్నారు. కాని ఆ చల్లదనం ఊరికే రాదు. మన పేరాక్ రాష్ట్రంలోనే సముద్రపు ఒడ్డున మంజుంగ్ వద్ద ఒక పెద్ద విద్యుత్కేంద్రం ఉన్నది. ఓడల మీద ఇతర దేశాల నుండి తెచ్చిన బొగ్గును అక్కడ మండిస్తారు. కౌలాలంపూర్‌లో ఒక అద్దాల మేడ చల్లబడడానికి మంజుంగ్‌లో బొగ్గు మండవచ్చు. ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువు భూగోళాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. వేడి పెరిగితే మరిన్ని ఎయిర్‌కాన్లు! ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంపాలి గదా.

కట్టడాలకు మార్కులు వేయాలన్న ఆలోచన మొదట చలి దేశాలలో రూపు దాల్చింది. బ్రిటన్‌లో 1990లో బ్రీయామ్ అనే పద్ధతి వచ్చింది. అమెరికాలో 1998లో లీడ్ వచ్చింది. మన పొరుగున ఉన్న సింగపూరు 2005లో గ్రీన్ మార్క్ మొదలుపెట్టింది. అయితే వాటిలో ఒకటి తెచ్చి మన దేశంలో పెట్టుకోరాదా? మంచి ప్రశ్నే. చలి దేశంలో మంచి ఇల్లంటే వేడిని లోపల పట్టి ఉంచేది. ఎండ ఎంత లోపలికి వస్తే వారికి అంత సంతోషం. మనకు వెలుతురు కావాలి, ఎండ వేడిమి వద్దు. దానికి తోడు ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. దానిని లెక్క చేయని పరీక్షలో మన కట్టడం నెగ్గినా ఫలితం లేదు. లండన్ స్కూలు ప్రశ్నపత్రాన్ని తెచ్చి ఇపో స్కూలులో ఇచ్చినట్లే ఉంటుంది.

అందుచేత మలేషియా వాస్తుశిల్పుల సంఘమూ, సలహా ఇంజనీర్ల సంఘమూ కలిసి మన వాతావరణానికి తగిన పట్టికను తయారుచేశాయి. 2009 మే నెలలో జి.బి.ఐ. ఆరంభమయింది. క్రొత్తగా కట్టే ఆఫీసులు, దుకాణాల వంటి వాటికి మొత్తం 100 మార్కులు. అందులో శక్తిని పొదుపు చేసినందుకు 35. లోపలి గాలి, వెలుతురు, చప్పుడు సరిగా ఉన్నందుకు 21. స్థలాన్ని ఎంచుకొని చెడకుండా కాపాడినందుకు 16. కట్టడపు సామాగ్రికి 11. నీటి పొదుపుకు 10. క్రొత్త ఉపాయాలకు 7. కూడి చూడండి, నూరు వస్తుందో లేదో! 50 మార్కులు వస్తే సర్టిఫైడ్, 66 వస్తే సిల్వర్, 76 వస్తే గోల్డ్, 86 గాని అంతకు పైన గాని వస్తే ప్లాటినం. నివాసగృహాలకు వేరే పట్టిక ఉన్నది. అందులో ఎక్కువ మార్కులు స్థలానికి. బస్సు, బడి, అంగడి దగ్గరగా ఉన్నాయా అన్నది కూడా చూస్తారు. ఎందుకంటే ఇల్లు ఎంత చల్లగా ఉన్నా, పాల డబ్బాకు కూడా కారెక్కి పోవలసివస్తే పొదుపు ఏమున్నది?

శక్తి పొదుపును ఎట్లా కొలుస్తారో కూడా తెలుసుకొందాం. ఒక కట్టడం సంవత్సరానికి వాడే కరెంటు యూనిట్లను దాని నేల వైశాల్యంతో భాగిస్తారు. అప్పుడు ఒక చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. మన దేశంలో మామూలు ఆఫీసులు 200 యూనిట్లకు పైగా వాడుతూ ఉండేవి. ఎం.ఎస్. 1525 అనే ప్రమాణ గ్రంథం 135 మించకుండా చూడమన్నది. 2004లో పుత్రజాయలో అప్పటి ఇంధన మంత్రిత్వశాఖకు కట్టిన లియో భవనం సుమారు 100తో సరిపెట్టింది. తరువాత 2010లో అక్కడే ఇంధన కమిషనుకు ఒక విచిత్రమైన భవనం కట్టారు. దానిని డైమండ్ భవనం అంటారు. క్రింద ఇరుకుగా, పైకి పోనుపోను వెడల్పుగా, తలక్రిందులు చేసిన పిరమిడ్‌లా ఉంటుంది. గోడలు 25 డిగ్రీలు బయటికి వాలి ఉంటాయి. చూచినవారు ఇది అందం కోసమేనని అనుకొంటారు. కాని పై అంతస్తు నీడ క్రింది అంతస్తు మీద పడాలనే అట్లా కట్టారు. మన పాత ఇంటి చూరు చేసే పనే ఇది. రాత్రివేళ అంతస్తుల కాంక్రీటు పలకలలోని గొట్టాల గుండా చల్లని నీటిని ప్రవహింపజేస్తారు. ఆ పలకలు పగలు గదిని చల్లబరుస్తాయి. వాన నీటిని పట్టి మరుగుదొడ్లకు, మొక్కలకు వాడతారు. ఇంతా చేస్తే ఈ భవనం వాడకం చదరపు మీటరుకు సుమారు 70 యూనిట్లు. దీనికి ప్లాటినం దక్కింది.

మన తెలుగువారికి గర్వకారణమైన సంగతి ఇంకొకటి ఉన్నది. అమెరికా వెలుపల లీడ్ పరీక్షలో ప్లాటినం తెచ్చుకొన్న మొదటి కట్టడం ఎక్కడున్నదో తెలుసా? హైదరాబాదులో! దాని పేరు సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2003లో దానికి ప్లాటినం వచ్చింది. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. గుండ్రని కట్టడం, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, జాలీ గోడలు, కప్పు మీద తోట. వాడిన నీటిని మొక్కల వేళ్ళ గుండా పోనిచ్చి శుద్ధి చేసి మళ్ళీ వాడతారు. అమెరికా పరీక్షలో నెగ్గిన కట్టడంలో మన పాత వాకిలి మళ్ళీ కనిపించడం చూచారా! ఆ తరువాత భారతదేశం కూడా తన ఎండలకు తగిన పట్టికలను తానే తయారుచేసుకొన్నది.

ఇంత మంచి పరీక్ష అయితే ఇపోలో ప్రతి కట్టడమూ ఎందుకు వ్రాయడం లేదని మీరు అడగవచ్చు. జి.బి.ఐ. తప్పనిసరి పరీక్ష కాదు. ఇష్టమున్నవారు రుసుము చెల్లించి వ్రాసేది. మంచి అద్దాలు, మంచి యంత్రాలు కావాలంటే ముందుగా ఖర్చు పెరుగుతుంది. పొదుపు మాత్రం ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. కట్టి అమ్మే కంపెనీకి ఖర్చు, కొని ఉండేవారికి పొదుపు! కంపెనీ ఎందుకు తొందరపడుతుంది? ఈ చిక్కు తెలిసే ప్రభుత్వం 2009 అక్టోబరు 24 నుండి 2014 డిసెంబరు 31 వరకు పన్ను మినహాయింపు ఇచ్చింది. ధ్రువపత్రం కోసం అదనంగా అయిన ఖర్చుకు సమానంగా కట్టినవారికి ఆదాయపు పన్నులోను, కొన్నవారికి స్టాంపు డ్యూటీలోను సాయం చేసింది. ఆ గడువు ముగిసిన తరువాత సాయం వేరే రూపాలలో కొనసాగింది. 2013లో ఇళ్ళు కట్టే కంపెనీల సంఘం గ్రీన్‌ఆర్‌ఈ అనే మరో పరీక్షను తెచ్చింది. ఇన్ని బోర్డులు, ఇన్ని పరీక్షలు ఉంటే ఎవరి మార్కు ఎంతదో సామాన్యులకు తెలియడం కష్టమే.

మార్కుల కోసమే చదివే పిల్లలు ఉన్నట్లు మార్కుల కోసమే కట్టే వారూ ఉంటారు. ఎవరూ సైకిలు తొక్కని చోట సైకిలు స్టాండు పెట్టి ఒక మార్కు కొట్టేయడం వారి ఉపాయం. కాగితం మీద పొదుపుగా కనిపించిన భవనం, మనుషులు చేరాక కిటికీలు మూసి ఎయిర్‌కాన్ 18లో పెట్టుకొంటే మళ్ళీ మామూలే. అందుకే జి.బి.ఐ. పత్రం మూడేళ్ళకే చెల్లుతుంది. తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలి. ఈ నియమం నాకు అన్నిటికన్నా నచ్చింది.

నాకు నచ్చని సంగతి కూడా చెబుతాను. పెద్ద ఆఫీసులకు ప్లాటినం పలకలు వస్తున్నాయి. కాని మనలో ఎక్కువమంది ఉండేది తామన్‌లలోని వరుస ఇళ్ళలో. ఆ ఇంటి యజమాని సొంతంగా పరీక్షకు పంపుకోలేడు. అయితే పట్టికలో ఉన్న పనులు చేసుకోవడానికి ధ్రువపత్రం అక్కరలేదు. కప్పు క్రింద వేడిని ఆపే పొర వేయించవచ్చు. పడమటి వైపు గోడకు లేత రంగు వేసి, ఒక చెట్టు పెంచవచ్చు. వాన నీరు పట్టవచ్చు. ఇపోలో సాలుకు 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. కప్పు 80 చదరపు మీటర్లయితే 1,60,000 లీటర్లు! అంతా పట్టలేము గాని, కారు కడగడానికీ మొక్కలకూ కావలసినది సులభంగా దొరుకుతుంది. పీపాకు మాత్రం సన్నని వల బిగించి మూత పెట్టండి. లేకపోతే డెంగీ దోమలకు ఇల్లు కట్టి ఇచ్చినవారవుతారు.

కఠిన పదాలు

సూచిక : గుర్తుగా చూపేది, కొలమానం
వైశాల్యం : నేల విస్తీర్ణం
ధ్రువపత్రం : నిజమని తెలిపే పత్రం, సర్టిఫికెట్
మండువా : ఇంటి నడుమ కప్పు లేని వాకిలి

అభ్యాసము

1. చలి దేశపు పరీక్ష మన దేశపు కట్టడాలకు ఎందుకు సరిపోదు?

2. డైమండ్ భవనపు గోడలు బయటికి వాలి ఉండడానికీ, పెంకుటింటి చూరుకూ గల పోలిక ఏమి?

3. ఒక ఇంటిలో నెలకు 300 యూనిట్ల కరెంటు ఖర్చవుతున్నది. నేల వైశాల్యం 100 చదరపు మీటర్లు. సంవత్సరానికి ఒక చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు? ఆ సంఖ్య డైమండ్ భవనం కన్న తక్కువగా ఉన్నా, ఆఫీసునూ ఇంటినీ పోల్చడం ఎందుకు న్యాయం కాదో ఆలోచించి వ్రాయండి.

4. మీ ఇంటి ముఖం ఏ దిక్కుకు ఉన్నది? ఏ గది ఎక్కువ వేడిగా ఉంటుంది? ఒక వారం రోజులు ఉదయమూ, సాయంత్రమూ ఆ గదిలోని వేడిమిని కొలిచి పట్టిక వ్రాసి తీసుకురండి.

5. మీ తాతయ్య, నానమ్మ చిన్నతనంలో ఉన్న ఇల్లు దేనితో కట్టినదో అడగండి. ఆ ఇంటిలో మధ్యాహ్నం ఎక్కడ కూర్చొనేవారో కూడా అడిగి పది వాక్యాలలో వ్రాయండి.