జీనోమ్ వ్యాలీలో ఏం చేస్తారు?



శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీ బోర్డు చూసి పిల్లలు “జీనోమ్ అంటే ఏమిటి?” అని అడిగితే ఇలా చెప్పండి.

జీనోమ్ అంటే కణంలోని మొత్తం డీఎన్‌ఏ. చర్మ కణంలోనూ గుండె కణంలోనూ అది ఒక్కటే. పనిచేసే జన్యువులే వేరు. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా నాలుగు జన్యువులతో ఎలుక చర్మ కణాలను స్టెమ్‌సెల్స్‌లా మార్చారు. అలాంటి మానవ కణాల నుంచి మన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి శాస్త్రవేత్తలు ల్యాబులో రెటీనా కణాలు పెంచారు.

కొన్ని కణాలు సరిగా మారవు. ఒంట్లోకి వెళ్తే గడ్డలు కట్టవచ్చు. అందుకే ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో ఏ కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసి, పద్ధతిని సరిదిద్దుతారు.

స్టెమ్‌సెల్ చికిత్సల్లో చాలావరకు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. “ఆటిజం నయం చేస్తాం” అని ఎవరైనా డబ్బు అడిగితే కట్టకండి. ముందు మీ పిల్లల డాక్టర్‌ను అడగండి.