ఇంటి నేల మట్టంగా వేసుకోవడం ఎలా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ సామెతలో నేల మాట లేదు. మన ఇళ్ళలోనూ నేల మాట చివరికే వస్తుంది. గోడలు లేస్తాయి, స్లాబు పడుతుంది, తలుపు కూడా ఎక్కుతుంది. అప్పటికి చేతిలో పైసలు అయిపోతాయి. లోపల మట్టి అలాగే ఉంటుంది. అమ్మ వారం వారం పేడతో అలుకుతూ, అంచులకు జాజు పూస్తూ ఏళ్ళు గడిపేస్తుంది. మనలో చాలామంది మొదటిసారి సిమెంటు నేల మీద పడుకున్నది హాస్టల్లోనే.

మన సూర్యాపేట జిల్లాకు దక్షిణాన మేళ్ళచెరువు, మఠంపల్లి మండలాల్లో సున్నపురాయి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. అక్కడి నుండి బస్తాలు ఎక్కడెక్కడికో పోతాయి. తుంగతుర్తి చుట్టుపక్కల ఊళ్ళ నుండి మన అమ్మానాన్నలు హైదరాబాదు పోయి ఆ సిమెంటునే తట్టల్లో మోస్తారు. అంటే సరుకూ మనదే, పనీ మనదే. 2024 మార్చిలో తెలంగాణలో మళ్ళీ మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో సొంత స్థలం ఉన్నవారికి ఐదు లక్షల సాయం ఉంది. అయితే ఆఖరి విడత ఇల్లు పూర్తయ్యాకనే వస్తుంది. ఆ లోపల నేల వేసేది ఎవరు? ఒక గది నేల మనమే వేసుకోగలిగితే మేస్త్రి కూలి మిగులుతుంది.

నేల అందం కోసం మాత్రమే కాదు. మెక్సికో దేశంలో కొవావీలా అనే రాష్ట్రం 2000లో పేదల ఇళ్ళలో మట్టి నేలల మీద సిమెంటు వేయించడం మొదలుపెట్టింది. ఆ ఇళ్ళను పరిశీలించిన ఆర్థికవేత్తలు 2009లో ఫలితాలు ప్రకటించారు. మట్టి నేల అంతా సిమెంటు నేలగా మారిన ఇళ్ళలో పిల్లలకు కడుపులో పురుగులు 78 శాతం, విరేచనాలు 49 శాతం తగ్గాయి. రక్తహీనత కూడా బాగా తగ్గింది. తల్లులకు దిగులు తగ్గిందని కూడా రాశారు. ఇది మా అమ్మలను అడిగినా చెప్పేవారు!

ఇక పనిలోకి వద్దాం. పైన వేసే పూత ఎంత బాగున్నా కింద నింపిన మట్టి కుంగితే నేల పగులుతుంది. కాబట్టి మొరం ఆరంగుళాల మందం చొప్పున పోసి, నీళ్ళు పట్టి, దిమ్మిసతో కొట్టాలి. నల్లరేగడి నింపకూడదు, అది తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు, కంకర ఎనిమిది కలిపి మూడు నాలుగు అంగుళాల బెడ్డు వేయాలి. ఇంతవరకు ఊళ్ళో అందరికీ తెలిసిందే. బెడ్డు గట్టిపడ్డాక దాని మీద వేసే మట్టపు పూత దగ్గరే అందరూ వెనకాడతారు. మట్టం మేస్త్రి చేతిలో ఉంటుందని అనుకుంటారు. నిజానికి అది నీళ్ళలో ఉంటుంది.

ముప్పై అడుగుల పారదర్శక ప్లాస్టిక్ పైపు కొనండి. నిండా నీళ్ళు పట్టండి, లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. రెండు కొసలూ పైకి ఎత్తి పట్టుకుని, వేళ్ళు తీసేస్తే రెండు చోట్లా నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. గది ఎంత వంకరగా ఉన్నా సరే. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు ఒక కొస పట్టుకుంటే చాలు. గోడ మీద నడుము ఎత్తున ఒక గుర్తు పెట్టి, దానిని ఈ పైపుతో నాలుగు మూలలకు, తలుపు చట్రానికి చేర్చాలి. జాజు అద్దిన దారం గుర్తుల మధ్య బిగించి లాగి వదిలితే గోడ చుట్టూ ఎర్రగీత పడుతుంది. ఇకమీద ఏ కొలతైనా ఈ గీత నుండే.

గీత నుండి కింది బెడ్డు దాకా తొమ్మిది పది చోట్ల కొలవండి, మధ్యలో కొలవడానికి గోడకు గోడకు దారం కట్టుకోండి. ఉదాహరణకు వెనక గోడ దగ్గర 35న్నర అంగుళాలు, మధ్యలో 36, తలుపు దగ్గర 37 వచ్చాయనుకుందాం. అన్నిటికన్నా తక్కువ వచ్చిన చోటే బెడ్డు ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ కనీసం అంగుళంన్నర మందం కావాలి గనుక పూర్తయిన నేల గీతకు 34 అంగుళాల కింద ఉండాలి. కడిగిన నీళ్ళు బయటికి పోవాలంటే తలుపు వైపు అర అంగుళం వాలు ఇవ్వాలి, అంటే అక్కడ 34న్నర. ఈ వాలు మరిచిపోయిన గదుల్లో ఏమవుతుందో రేకు పెట్టెలు తుప్పు పట్టిన హాస్టల్ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. తలుపు నేలకు రాసుకోకుండా తిరుగుతుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి.

పది అడుగులకు పన్నెండు అడుగుల గది, సగటున రెండంగుళాల మందం అనుకుంటే తడి మాలు 20 ఘనపుటడుగులు. పొడిగా ఉన్నప్పుడు మూడోవంతు ఎక్కువ కావాలి, దాదాపు 27. ఒకటికి నాలుగు పాళ్ళలో కలిపితే సిమెంటు ఐదున్నర ఘనపుటడుగుల లోపు. బస్తాకు 1.25 ఘనపుటడుగులు కనుక నాలుగు బస్తాలు చాలవు, ఐదు తెచ్చుకోవాలి. ఇసుక ఇరవై రెండు ఘనపుటడుగులు. దొడ్డు ఇసుక తీసుకోండి. గాజు సీసాలో సగం ఇసుక, నీళ్ళు పోసి బాగా ఊపి మూడు గంటలు ఉంచండి. పైన పేరుకున్న ఒండ్రు ఇసుకలో నూటికి ఎనిమిది పాళ్ళు మించితే కడిగి వాడాలి.

ముందురోజు రాత్రే బెడ్డును ఊడ్చి బాగా తడపాలి. ఉదయం నీళ్ళు నిలిచి ఉండకూడదు. ఐదేసి అడుగులకు ఒక చిన్న మాలు దిమ్మె పెట్టి, పైన పెంకు ముక్క ఉంచి, గీత నుండి కొలిచి సరైన ఎత్తుకు నొక్కాలి. దిమ్మెల మధ్య మాలుతో వరుసలు పోసి పట్టెతో సరిచేస్తే అవే మనకు పట్టాలు. వరుసల మధ్య సిమెంటు పాలు పూసి, వెంటనే మాలు నింపి, అల్యూమినియం పట్టెను రెండు వరుసల మీద ఆనించి అటూ ఇటూ కదుపుతూ లాగాలి. వెనక గోడ నుండి తలుపు వైపుకే రావాలి, లేకపోతే మనమే లోపల ఇరుక్కుంటాం. మాలు పిడికిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేళ్ళ సందున నీళ్ళు కారకూడదు. కలిపింది అరగంటలో వాడేయాలి, గట్టిపడ్డ దానికి మళ్ళీ నీళ్ళు పోయవద్దు. తర్వాత చెక్కతో రుద్ది, చివర తాపీతో నునుపు చేయాలి. పైన తేలిన నీళ్ళు పీల్చడానికి పొడి సిమెంటు చల్లే అలవాటు కొందరికి ఉంది. మా అభిప్రాయంలో అది మానుకోవాలి, సన్నని జాలి పగుళ్ళు దానివల్లే వస్తాయి. తడి మాలులో వట్టి మోకాళ్ళతో కూర్చుంటే చర్మం ఒరుసుకుపోతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, మోకాళ్ళ కింద చెక్క ముక్క ఉండాలి.

మర్నాటి నుండి నేల తడి ఆరకూడదు. గడప దగ్గర మట్టి కట్ట వేసి నీళ్ళు నిలబెట్టండి, లేదా తడి గోనెసంచులు పరవండి. మామూలు సిమెంటైతే ఏడు రోజులు, బస్తా మీద పి.పి.సి. అని ఉంటే పది రోజులు. ఎండాకాలం సెలవుల్లో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది, మాలు తాపీ కిందే ఆరిపోతుంది. సంక్రాంతి సెలవులు చాలవు. దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు మొదటి రోజు పైపుతో కొలతలు, రెండో రోజు దిమ్మెలు, వరుసలు, మూడో రోజు మాలు పెట్టుకుంటే మిగిలిన రోజులు నీళ్ళు పట్టడానికి సరిపోతాయి. బియ్యం బస్తాలు, బీరువా మాత్రం మూడు నాలుగు వారాల దాకా లోపలికి లాగవద్దని ఇంట్లో చెప్పి బస్సెక్కండి.